ఆ బీగాన్ని ముందు జేజి చేతికియ్యండి

బెంగళూరులో ఉన్న మా ఆడబిడ్డ ఈమధ్య కొత్త ఫ్లాటులో చేరింది. వంటింటి మూలలో ఆ తిరిగే అర, అదే క్యారసెల్, ఉంది. వాళ్ల పాపకు ఏడాదిన్నర. నడక వచ్చినప్పటి నుంచీ దాని చూపంతా ఆ మూల మీదే. "వదినా, వీటిలో గట్టిది ఏది?" అంటూ నాలుగు రకాల సేఫ్టీ లాకుల ఫోటోలు వాట్సాపులో పంపింది. "మీ అమ్మ తీయగలిగేది ఏది?" అని తిరిగి అడిగాను. పగలబడి నవ్వే బొమ్మలు వచ్చాయి. నేను నవ్వులాటకు అడగలేదు. మా అత్త ఏడాదిలో కొన్నాళ్లు కడపలో మా దగ్గర, కొన్నాళ్లు అక్కడ ఉంటుంది. రెండు ఇళ్లలోనూ పొద్దున్నే పొయ్యి వెలిగించేది ఆమే.

నా మాట ఇది. పసిపిల్లలున్న ఇంట్లో బీగం ఎంత మంచిదో తేల్చాలంటే ముందు దాన్ని ఆ ఇంట్లో అందరికంటే పెద్దావిడ చేతికియ్యాలి. ఆమె తీసి, మళ్లీ వేయలేకపోతే దాని గట్టితనం దేనికీ కొరగాదు. పొద్దున ఆరింటికి తీసిన బీగం రాత్రి గిన్నెలు సర్దేదాకా అట్లాగే తీసి ఉంటుంది. ఆ మధ్యలోనే కదా పిల్లలు మేలుకుని తిరిగేది.

తిరిగే తలుపుతో వచ్చిన చిక్కు

ఎల్ ఆకారంలో గట్టు వేసిన వంటింట్లో మూల చీకటిగా మిగిలిపోతుంది. మా అమ్మావాళ్ల ఇంట్లో ఎర్రగుంట్ల నాపరాయి గట్టు కింద ఆ మూలన ఏముందో పండక్కి బూజు దులిపినప్పుడే బయటపడేది. మూత పోయిన కుక్కరు, అడుగున నల్లబడిన సంగటి కుండ, ఎవరో పెళ్లికి ఇచ్చిన టిఫిను క్యారియరు. మాడ్యులర్ కిచెన్ షాపులవాళ్లు ఈ మూలను చూపించే క్యారసెల్ అమ్ముతారు. ఒంటి వేలితో తిప్పి, "మూల వేస్టు కాదు మేడమ్" అంటారు. అబద్ధమేమీ కాదు. మోకాళ్ల నొప్పులున్న మా అత్త కింద కూర్చుని, చెయ్యి మోచేతిదాకా లోపలికి దూర్చే అవస్థ దానితో తప్పింది. అందుకే "పిల్లాడున్నాడు గదా, ఆ తిరిగేదాన్ని పీకించి మామూలు అర పెట్టించండి" అని మా చుట్టాల్లో ఒకాయన సలహా ఇస్తే నాకు నచ్చలేదు. ఆయనకు మోకాళ్లు బాగున్నాయి.

చిక్కల్లా లాకు పెట్టబోయినప్పుడు వస్తుంది. ఈ మూల అరల్లో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. ఒకదాంట్లో రెండు పలకలు ఒకదానికొకటి హింజులతో అతికి ఉంటాయి. ముందుకు లాగితే మడతపడి తెరుచుకుంటాయి. రెండోదాంట్లో తలుపు ట్రేలకే బిగించి ఉంటుంది. ఎల్ ఆకారంలో ఉన్న ఆ తలుపును నెడితే ట్రేలతో పాటే లోపలికి తిరిగిపోతుంది, ఒక చుట్టు చుట్టి మళ్లీ తన చోటికి వస్తుంది. మా ఇంట్లో ఉన్నది ఈ రెండోది.

మామూలు లాకులన్నీ లాగే తలుపుల కోసం చేసినవి. లోపల ఒక కొక్కెం ఉంటుంది, తలుపు లాగితే అది ఫ్రేముకు తగులుకుని ఆపుతుంది. ఇక్కడ తలుపు వెనక ఫ్రేమే లేదు, తిరిగే ట్రే ఉంది. కొక్కెం తగులుకోవడానికి చోటు లేదు. పైగా ఇది నెడితే తెరుచుకునే తలుపు. నెట్టడమంటే నడక నేర్చిన పిల్లలకు నేర్పక్కర్లేని విద్య. నెట్టిన ప్రతిసారీ కొత్త డబ్బా ఒకటి ఎదురుగా వచ్చి నిలబడే రంగులరాట్నం ఇంట్లోనే దొరికితే ఏ పిల్లాడు వదులుతాడు?

ఇక పట్టీ లాకులు. ఒక కొస తలుపుకు, ఇంకో కొస పక్క కప్‌బోర్డుకు డబుల్ టేపుతో అంటిస్తారు. తిరిగే తలుపుకు ఇది ఒక పక్కనే అంటిస్తే చాలదు. పట్టీలో కాస్త వదులున్నా రెండో పక్క నెట్టగానే తలుపు బెత్తెడు లోపలికి పోతుంది. ఆ సందులో పిల్లాడి చెయ్యి పడుతుంది. లోపల అయిదు లీటర్ల నూనె క్యాను, కందిపప్పు డబ్బా, చింతపండు జాడీ మోస్తున్న ట్రే వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు ఆ వేళ్లను చూసుకుని రాదు. అసలు లాకు లేని తలుపు కంటే సగం తెరుచుకునే తలుపే నాకు ఎక్కువ భయం. పెట్టాలంటే రెండు పక్కలా, బిగుతుగా పెట్టాలి.

పెట్టినా కడప ఎండాకాలం ఒకటుంది. బయట నలభై రెండు డిగ్రీలున్న రోజు తిరగమోత వేసే పొయ్యికి మూరెడు దూరంలో ఆ టేపు ఎన్నాళ్లు నిలుస్తుంది? మైకా మీద కంటికి కనపడని నూనెపొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. స్పిరిటుతో తుడిచి, అంటించాక ఒక రోజంతా ముట్టుకోకుండా వదిలితే కొంత నయం. మా ఇంట్లో ఊడిన పట్టీని తిప్పి చూస్తే టేపు అంచులు పసుపురంగుకు తిరిగి, మధ్యలో జిగురు చెక్కుచెదరకుండా తెల్లగానే ఉంది. ఊడడం అంచు నుంచి మొదలవుతుందన్నమాట, నూనె అక్కడి నుంచే దూరుతుంది.

అక్కడ ముసలివాళ్లను ఎందుకు పిలిచారు

నా వాదం అత్త మీద అభిమానంతో పుట్టిందని మా ఆయన అంటాడు. పుట్టింది అట్లాగే కావచ్చు. కానీ దీనికి ఆధారం వేరే చోట దొరికింది.

అమెరికాలో 1970లో ఒక చట్టం తెచ్చారు. మందులు, విషపదార్థాలు ఉన్న సీసాల మూతలు పసిపిల్లలకు సులువుగా రాకూడదని. నొక్కి తిప్పితేగాని రాని మూతలు ప్రచారంలోకి వచ్చింది దానితోనే. మూత పనికొస్తుందో లేదో పిల్లల మీదే పరీక్షిస్తారు. 42 నుంచి 51 నెలల వయసు పిల్లలకు సీసా ఇచ్చి అయిదు నిమిషాలు వదులుతారు. నూటికి 85 మందికి అది తెరవడం రాకూడదు. తర్వాత ఎట్లా తీయాలో ఒకసారి చేసి చూపించి ఇంకో అయిదు నిమిషాలు ఇస్తారు. అప్పటికీ 80 మందికి రాకూడదు. అంటే నూటికి ఇరవై మంది తీసేసినా మూత పాసైనట్టే. లాకు డబ్బా మీద 'చైల్డ్ ప్రూఫ్' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఈ లెక్క గుర్తుపెట్టుకోవడం మంచిది.

నన్ను పట్టేసింది ఆ పరీక్షలో రెండో సగం. పెద్దవాళ్లు ఆ మూత తీయగలరా లేదా అని కూడా చూస్తారు. మొదట్లో అందుకు 18 నుంచి 45 ఏళ్ల వాళ్లను తీసుకునేవాళ్లు. 1995లో ఆ నియమం మార్చి 50 నుంచి 70 ఏళ్ల వాళ్లను పెట్టారు. వాళ్లలో నూటికి 90 మంది ఆ మూత తీసి, మళ్లీ సరిగ్గా మూయగలగాలి. కారణం ఏమిటంటే, గట్టి మూతలతో వేగలేక పెద్దవాళ్లు మూత తీసి పక్కన పెట్టేస్తున్నారు, లేకపోతే మాత్రలను ఇంకో డబ్బాలో పోసుకుంటున్నారు. మనవళ్లు, మనవరాళ్ల చేతికి మందులు చిక్కుతున్నది అట్లా. పిల్లల కోసం తెచ్చిన చట్టం పాతికేళ్లకు అవ్వాతాతల వేళ్ల దగ్గరికి వచ్చి ఆగింది.

ఆ పరీక్ష మందు సీసాలది, కప్‌బోర్డు లాకులది కాదు. లాకుల కథ వేరే ఉంది. 2012లో అమెరికాలోనే ఒక కంపెనీ సుమారు 9 లక్షల కప్‌బోర్డు లాకులను మార్కెట్టు నుంచి వెనక్కి పిలవాల్సి వచ్చింది. పిల్లలు వాటిని ఊడదీశారు, వాళ్లలో ముగ్గురు లోపలి క్లీనర్లను అందుకున్నారు. పేరున్న లాకే అయినా దాని వెనక పెట్టే సరుకు గురించి మన జాగ్రత్త మనం పడాల్సిందే.

పిండి చేతులు

మా సింకు కింద తలుపుకు అయస్కాంతం లాకు పెట్టించాం. బయటికి ఏమీ కనబడదు. తలుపు మీద సరైన చోట అయస్కాంతం ఆనిస్తే లోపల కొక్కెం జరుగుతుంది. ఆ 'తాళంచెవి' ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది. నాకు బాగా నచ్చింది. అప్పట్లో గిన్నెలు తోమే సబ్బు కూడా సింకు కిందే ఉండేది. సంగటి గెలికి, పిండి చేతులతో సబ్బు కోసం వచ్చిన మా అత్త ఒకరోజు గట్టిగానే అడిగింది: "ఏమ్మే, ఈ అయస్కాంతం యాడ ఆనించాలో ఒక గుర్తన్నా పెట్టుండొచ్చు గదా? తలుపంతా రుద్దుకుంటా కూర్చోవాల్నా నేను?"

ఆ తర్వాత లాకు ఊరికే తెరుచుకోవడం మొదలైంది. లోపల చిన్న మీట ఒకటుంటుంది, దాన్ని పక్కకు నెడితే లాకు పనిచేయడం మానేస్తుంది. అత్త కనిపెట్టేసింది. నాకు కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆమెతో వాదించి గెలిచినా ఆమె వేళ్ల కీళ్లవాతం తగ్గదు. పైగా మావాడు ఆమెను గమనిస్తూ, ఫ్రిజ్ మీదున్న ఆపిల్ బొమ్మ అయస్కాంతం పీకి తలుపు మీద రుద్దుతున్నాడు. దాని బలం చాలక తెరుచుకోలేదు గానీ, పద్ధతి మాత్రం వాడికి పట్టుబడింది.

సబ్బును పైన కిటికీ పక్క అరలోకి మార్చాం. అంతే, గొడవ పోయింది. ఇప్పుడు సింకు కింద ఉన్నవి ఫినాయిలు, బాత్రూం కడిగే యాసిడ్, పైపులు మూసుకుపోతే పోసే పొడి. వాటితో అత్తకు రోజువారీ పని లేదు, కాబట్టి ఆ లాకు ఎంత మొండిదైనా ఫరవాలేదు. ఆ మీటను మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు.

నాకు తోచిన పద్ధతి ఇక్కడ కుదురుకుంది. పెద్దావిడకు రోజూ పనిపడే తలుపుకు ఆమె కళ్లు మూసుకుని తీయగలిగే గడియ ఉండాలి, లోపల ప్రాణం మీదికి వచ్చే సరుకు ఉండకూడదు. ఆమెకు పనిపడని తలుపుకు ఎంత గట్టి లాకైనా పెట్టుకోవచ్చు. ఏ సరుకు ఎక్కడ ఉండాలో ముందు, లాకు తర్వాత. ఫోటోలు పంపి "ఏది మంచిది" అని అడిగితే చెప్పలేనిది ఇందుకే.

మూలలో ఏం పెట్టాలి

తిరిగే మూల అత్తకు రోజూ పనిపడే చోటు. కాబట్టి అందులోంచి ఏం తీసేయాలన్నదే పెద్ద ప్రశ్న. ఫినాయిలు లాంటివి ఎవరైనా తీసేస్తారు. ఎవరికీ గుర్తురానిది బుడ్డల డబ్బా. మన సీమలో శెనక్కాయలు లేని వంటిల్లు ఉంటుందా? ఊరిబిండికి, పొడికి, ఉగ్గానిలోకి, సాయంత్రం ఊరికే నోట్లో వేసుకోవడానికి. నాలుగేళ్లు నిండని పిల్లలకు గింజ గింజగా పెట్టొద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే: వాళ్లకు నమిలే దవడపళ్లు సరిగా ఉండవు, నవ్వుతూనో ఏడుస్తూనో ఊపిరి లాగితే పలుకు గాలిగొట్టంలోకి పోతుంది. పిల్లల గాలిగొట్టాల్లోంచి డాక్టర్లు బయటికి తీసేవాటిలో వేరుశెనగ పలుకు ముందు వరసలో ఉంటుంది. ఫినాయిలు సీసాను చూసి ఉలిక్కిపడే మనం బుడ్డల డబ్బాను చూసి ఉలిక్కిపడం.

దీనికి మందు మా అత్త దగ్గరే ఉంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బా. గరిటె కాడ అంచు కింద పెట్టి పైకి లేపితేగాని రాదు. ఆమెకు అది క్షణం పని, పిల్లాడికి వశం కాదు. నూటికి ఎనభై లెక్క పెట్టి ఎవరూ పరీక్షించలేదు గానీ, అమెరికావాళ్లు వెతికిన మూత ఇదే. కారం డబ్బా కూడా అట్లాంటిదాంట్లోకే మారింది. ప్లాస్టిక్ మూత ఊడి కారం కళ్లలో పడితే పిల్లాడు చేతులతో రుద్దుకుని ఇంకా పోసుకుంటాడు.

బరువు సంగతి ఒకటి. ఊరగాయ జాడీలు పై ట్రేలో వద్దు. తలుపు విసురుగా తిరిగితే అంచున ఉన్న జాడీ ఒరుగుతుంది. కింది ట్రేలో, మధ్య కడ్డీకి ఆనించి పెడితే కదలవు.

గడియ

మూల తలుపుకు ఏం పెట్టాలని కడపలో హార్డ్‌వేర్ షాపులు తిరిగాను. "పిల్లల లాకు" అంటే ఒకాయన డోర్ స్టాపరు తెచ్చి ముందు పెట్టాడు. చివరికి దారి చూపింది మా కార్పెంటరు. తలుపు పైఅంచున నిలువుగా ఒక చిన్న టవర్ బోల్టు బిగించాడు. గట్టు బండ తలుపుకంటే అంగుళం ముందుకు వచ్చి ఉంటుంది కదా, దాని అడుగున ఒక టేకు ముక్క అతికించి చిల్లు పెట్టాడు. బోల్టు పైకి తోస్తే కడ్డీ ఆ చిల్లులోకి పోతుంది. ఇక తలుపు కుడికీ తిరగదు, ఎడమకీ తిరగదు. రెండు పక్కలా పట్టీలు చేయాల్సిన పని ఒక్క కడ్డీ చేస్తుంది. అత్త బొటనవేలికి టవర్ బోల్టు కొత్తేమీ కాదు. జన్మలో ఎన్ని తలుపుల గడియలు తీసుంటుంది! చీకట్లో కూడా తీస్తుంది, ఇంకా ముఖ్యం, తిరిగి వేస్తుంది.

దీనికి లోపాలున్నాయి. చూడడానికి బాగుండదు. కొత్త మైకాకు చిల్లు కొట్టనివ్వడానికి మనసొప్పాలి, వారంటీ ఉంటే అది కూడా చూసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, రెండున్నరేళ్లకు పిల్లాడికి బోల్టు తీయడం వచ్చేస్తుంది. అత్తకు సులువైనది పిల్లాడికీ సులువే కదా అని మా ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటే చెప్పగలను: ఈ గడియ వేళ్లు నలగకుండా చూడడానికి, నూనె క్యాను నెత్తిన పడకుండా చూడడానికి. ఆ ప్రమాదాలు ఎక్కువగా ఉండే వయసులో, అంటే నెట్టడం వచ్చి బోల్టు రాని వయసులో, అది ఆపితే దాని పని అయిపోయినట్టే. విషం కోసం దాని మీద ఆధారపడడం లేదు. అదే మీది మడత తలుపైతే ఇదంతా అక్కర్లేదు. లాగి తెరిచేదే కాబట్టి మొదటి పలక అంచుకు అయస్కాంతం లాకు కూడా పడుతుంది, అత్తకు కనబడేట్టు బొట్టుబిళ్ల ఒకటి అంటిస్తే సరి.

"మా కాలంలో బీగాలున్నాయా?"

ఈ మాట మా పెదమామ అన్నాడు. చెప్పి నేర్పితే పిల్లలు ముట్టుకోరట. వాళ్ల కాలంలో వంటింట్లో కిరసనాయిలు సీసా నేలమీదే ఉండేది. 1999లో దీపం పథకం వచ్చి గ్యాసు బండలు ఊళ్లలోకి చేరేదాకా ఎన్నో ఇళ్లలో అంతే. నీళ్లనుకుని కిరసనాయిలు తాగిన పిల్లలను ఆసుపత్రికి మోసుకుపోవడం మన దగ్గర అరుదైన సంగతేం కాదు. ఆ రోజుల్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించేవాళ్లు. కిరసనాయిలైనా యాసిడైనా కక్కిస్తే ఇంకా చేటు. ఒకటి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఇంకొకటి వచ్చే దారంతా మళ్లీ కాలుస్తుంది. ఇప్పటికీ పెద్దవాళ్లకు మొదట గుర్తొచ్చేది ఉప్పునీళ్లే కాబట్టి చెబుతున్నా: కక్కించొద్దు, 108కి ఫోన్ చేసి, సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పోండి.

ఇంకో వాదం నాకు కాస్త గట్టిగా తగిలింది. ఇంట్లో ఇంతమంది ఉన్నప్పుడు ఎవరో ఒకరు చూడరా అని. నేను చూసినంతలో, పండక్కి ఇల్లంతా నిండి ఉన్నప్పుడే పిల్లలు ఎక్కువగా తప్పించుకుంటారు. నేను నీ దగ్గరున్నాడనుకున్నా, నువ్వు నా దగ్గరున్నాడనుకున్నావు. ఒంటరిగా పిల్లను చూసుకునే తల్లి కళ్లు ఆ పిల్లను వదలవు. పదిమంది ఉన్నచోట ఆ చూపు పంచుకుపోతుంది. గడియ ఎవరినీ నమ్ముకోదు, వేస్తే పడి ఉంటుంది.

మా ఆడబిడ్డకు ఇదంతా ఫోన్లో చెప్పాను. ముందు మీ తలుపు నెట్టేదా, లాగేదా చూసుకో, తర్వాత లోపలి సరుకు తీసి నేలమీద పరుచుకో, లాకు ఆఖరున కొను అన్నాను. "అమ్మ మాత్రల సంచీ మాటేమిటి?" అని ఆమే అడిగింది. మంచి ప్రశ్న. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు ఎప్పుడూ దిండు పక్కన ఉండే గుడ్డసంచీలో ఉంటాయి. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్ర ఒక్కటి మింగినా పసిపిల్లల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. వంటింట్లో ఎన్ని గడియలు పెట్టినా ఆ సంచీకి పనికిరావు. మా ఇంట్లో ఆమె మంచం పక్క గోడకు భుజం ఎత్తున కొక్కెం కొట్టి దానికి తగిలించాం. కొక్కెం ఎంత ఎత్తున ఉండాలో అత్తే నిలబడి, చెయ్యెత్తి చూపించింది. బెంగళూరు ఫ్లాటు అద్దెదట, గోడకు మేకు కొట్టనివ్వరట. ఓనరును అడిగి చెప్తానంది.